ఒకే పంజరంలోని చిలుకలు ఒకదాని ఈకలు మరొకటి పీకేస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఏ పక్షులకు వర్తిస్తాయి?

మన ఇళ్ళలో ఎక్కువగా పెంచే బడ్జీలు, కాకటీల్‌లు, ఆఫ్రికన్ లవ్‌బర్డ్‌లు, కొన్యూర్లు అనే విదేశీ చిలుక జాతులను దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానాలు రాశాను. ముందుగా పేర్ల దగ్గర ఒక స్పష్టత అవసరం. మన దుకాణాలలో "లవ్ బర్డ్స్" అని చెప్పి అమ్మే చిన్న పక్షులు చాలావరకు ఆస్ట్రేలియా మూలానికి చెందిన బడ్జీలే. అసలైన లవ్‌బర్డ్‌లు ఆఫ్రికాకు చెందినవి. అవి బలమైన ముక్కుతో, పొట్టి తోకతో ఉంటాయి, జోడీ పట్ల గట్టి పట్టుదల చూపిస్తాయి. ఈకలు పీకే విషయంలో ఈ రెండింటి స్వభావం వేరు కనుక, మీ దగ్గర ఉన్నది ఏదో తెలుసుకున్నాకే కింది సలహాలు పాటించండి.

మన దేశపు రామచిలుకలను, వాటికన్నా పెద్దవైన అలెగ్జాండ్రిన్ చిలుకలను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గాయపడిన రామచిలుక దొరికితే దానిని మరో పక్షితో కలిపి పంజరంలో పెట్టకుండా అటవీశాఖకు అప్పగించాలి.

ఒక పక్షి మరొకదాని తల దువ్వడం సహజమే కదా? అది ఎక్కడ హద్దు దాటినట్లు?

సహజమే, పైగా అవసరం కూడా. పక్షి తన ముక్కుతో వంటి మీద దాదాపు ప్రతి ఈకనూ సవరించుకోగలదు కానీ తలను, మెడ వెనుక భాగాన్ని అందుకోలేదు. కొత్త ఈక మొలిచేటప్పుడు దాని చుట్టూ గోరు పదార్థంతో చేసిన సన్నని గొట్టం లాంటి తొడుగు ఉంటుంది. దానిని విడదీస్తేనే ఈక విచ్చుకుంటుంది. తల మీది తొడుగులను విప్పిపెట్టడానికి జంట పక్షి సాయం చేస్తుంది. తల దువ్వించుకునే పక్షి మెడ వంచి, ఈకలు ఉబ్బించి, కళ్ళు సగం మూసుకుని కదలకుండా కూర్చుంటే, రెండు మూడు నిమిషాల తరువాత రెండూ వేరే పనిలో పడిపోతే, అందులో ఆందోళన పడవలసింది ఏమీ లేదు.

హద్దు దాటినప్పుడు కనిపించేవి వేరు. దువ్వించుకునే పక్షి ఉన్నట్టుండి కీచుమని అరిచి తల విదిలించుకుంటుంది. పక్కకు జరిగితే రెండోది వెంటపడి మళ్ళీ అదే చోటును పట్టుకుంటుంది. తొడుగు విప్పడంతో ఆగక, ఈకను మొదలంటా లాగి నమలడం కనిపిస్తుంది. పంజరం అడుగున పూర్తి ఈకలతో పాటు కొరికిన తునకలు, మధ్యలో విరిగిన కాడలు పడి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకే చోట చర్మం కనిపించడం మొదలవుతుంది.

తల వెనుక బట్టతల వచ్చింది. రెండో పక్షే పీకిందని ఎలా తెలుసుకోవాలి?

ఈకలు ఎక్కడ పోయాయన్నదే మొదటి సాక్ష్యం. తల మీద, బుగ్గల దగ్గర, మెడ వెనుక మాత్రమే ఈకలు లేకుండా, ఛాతీ, రెక్కలు, కాళ్ళ దగ్గర ఈకలు చక్కగా ఉన్నాయంటే ఆ పక్షి ముక్కు అక్కడికి అందదు గనుక జంట పక్షినే మొదట అనుమానించాలి. దీనికి విరుద్ధంగా తల నిండుగా ఉండి, ఛాతీ, రెక్కల కింద, తొడల దగ్గర బోసిగా ఉంటే, చాలావరకు ఆ పక్షి తన ఈకలను తానే పీక్కుంటున్నదని అర్థం. ఆ సమస్యకు కారణాలు, చికిత్స వేరు. పక్షులను విడదీసినంత మాత్రాన అది తీరదు.

అయితే తల మీద ఈకలు పోవడానికి జంట పక్షి కాకుండా ఇతర కారణాలూ ఉంటాయి. పసుపు, తెలుపు రంగులో ఉండే లుటినో కాకటీల్‌లలో తురాయి వెనుక చిన్న బట్టతల పుట్టుకతోనే రావచ్చు. ఇది వంశపారంపర్య లక్షణం. అక్కడ చర్మం నునుపుగా ఉంటుంది, విరిగిన కాడలు కనిపించవు. బడ్జీలలో ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ తెల్లగా సున్నం పట్టినట్టు, తేనెపట్టులాంటి సన్న రంధ్రాలతో పొలుసులు కట్టి ఉంటే అది ఒక రకమైన పురుగు వల్ల వచ్చే చర్మవ్యాధి. దానికి వైద్యుడు ఐవర్‌మెక్టిన్ లాంటి మందును పక్షి బరువును బట్టి ఇస్తాడు. కొన్ని పక్షులు పంజరం ఊచల మధ్య తల దూర్చి దూర్చి నుదుటి ఈకలు అరగదీసుకుంటాయి. ఇక ఈకలు రాల్చే కాలంలో పాతవి పోయి కొత్తవి వస్తాయి కానీ, ఆరోగ్యంగా ఉన్న పక్షికి ఆ కాలంలోనూ చర్మం బయటపడేంతగా బట్టతల రాదు. రెండు వైపులా సమానంగా పలచబడి, మధ్యమధ్య కొత్త ఈకల ముళ్ళు కనిపిస్తాయి.

మా ఇంట్లో ఆడ కాకటీల్ మెడ వెనుక ఈకలు పోయినప్పుడు రెండు నెలల పాటు నేను దానిని ఈకలు రాల్చే కాలమనే అనుకున్నాను. సెల్‌ఫోన్‌ను పంజరం ఎదురుగా నిలబెట్టి, మేము ఎవరం గదిలో లేని ఒక మధ్యాహ్నం గంటసేపు వీడియో తీశాకే మగ పక్షి ఏం చేస్తున్నదో తెలిసింది. మనిషి గదిలో ఉన్నప్పుడు పక్షుల ధ్యాస మన మీద ఉంటుంది. అసలు ప్రవర్తన మనం లేనప్పుడే బయటపడుతుంది. కనుక ఎవరికైనా నేను మొదట చెప్పే మాట వీడియో తీయమనే.

వాటి మధ్య గొడవ ఏమీ లేదు. ఒకదానికొకటి ఆనుకునే కూర్చుంటాయి. అయినా ఇది హాని అంటారా?

అంటాను. చాలామంది పొరబడేది ఇక్కడే. కొట్లాట అయితే అరుపులు, తరుములాట, కాలి వేళ్ళ మీద గాయాలు కనిపిస్తాయి కాబట్టి వెంటనే జాగ్రత్త పడతాము. ఈకలు అతిగా పీకడం చాలాసార్లు గట్టి జంటల మధ్యనే, ప్రేమగా దువ్వడంలోంచే పుడుతుంది. పీకించుకునే పక్షి తానే వచ్చి తల వంచుతుంది, నొప్పి పుడితే అరుస్తుంది, కాసేపటికి మళ్ళీ వచ్చి తల వంచుతుంది. అది ఒప్పుకుంటున్నది కదా అని వదిలేయకూడదు. పదే పదే లాగిన చోట ఈక మొలిచే కుదురు దెబ్బతిని, కొంతకాలానికి అక్కడ ఇక ఈక రావడమే మానేస్తుంది.

అసలు ఒక పక్షికి ఈ అలవాటు ఎందుకు పట్టుకుంటుంది?

ఒకే కారణం ఉండడం అరుదు. రెండు మూడు కలిసి వస్తాయి. నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద కారణం పని లేకపోవడం. అడవిలో చిలుకలు రోజులో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడానికి, గింజ ఒలుచుకోవడానికి, కొమ్మల బెరడు కొరకడానికి వెచ్చిస్తాయి. మనం గిన్నె నిండా కొర్రలు పోసి పెడితే ఆ పనంతా పది నిమిషాలలో ముగుస్తుంది. మిగిలిన పగలంతా ఆ ముక్కుకు పంజరంలో కొరకడానికి దొరికేది జంట పక్షి తల ఒక్కటే.

పంజరం ఇరుకుగా ఉండడం రెండవది. దువ్వడం చాలనుకున్న పక్షి పక్కకు వెళ్ళి కూర్చోగలిగితే సమస్య అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒక్కటే కర్ర, ఒక్కటే గిన్నె ఉన్న చిన్న పంజరంలో అది ఎక్కడికి వెళుతుంది? రెండు కాకటీల్‌లు ఉండే పంజరం కనీసం మూడు అడుగుల పొడవు ఉండాలని, రెండూ ఒకేసారి రెక్కలు పూర్తిగా చాచినా ఊచలకు తగలకూడదని నేను భావిస్తాను. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఎందుకంటే చిలుకలు అడ్డంగా ఎగురుతాయి.

గుడ్లు పెట్టే కాలపు ఉద్రేకం మూడవది. దాని గురించి కింద విడిగా రాశాను. నిద్ర చాలకపోవడం, రాత్రి పదకొండు దాకా టీవీ మోగే హాలులో పంజరం ఉండడం, గింజలు తప్ప మరేమీ పెట్టకపోవడం వల్ల మాంసకృత్తులు, విటమిన్ ఏ లోపించడం, ఇంట్లోకి పిల్లి వస్తూ పోతూ ఉండడం, పంజరం చోటు తరచూ మార్చడం వంటివన్నీ పక్షిని అసహనానికి గురిచేస్తాయి. పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరుచేసి చేతితో పెంచిన కొన్ని పక్షులకు తోటి పక్షిని ఎంత మృదువుగా దువ్వాలో తెలియకపోవడం కూడా చూశాను.

మరొక కారణాన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. చవకగా అల్లిన జాలీ పంజరాలకు తుప్పు పట్టకుండా జింకు పూత పూస్తారు. చిలుక ఊచలను పట్టుకునే ఎక్కుతుంది, కొరుకుతుంది; ఆ పూత కడుపులోకి పోతే జింకు విషం ఎక్కుతుంది. ఈకలు పీకడం దాని లక్షణాలలో ఒకటి. పూత పెచ్చులు లేస్తున్న పంజరాన్ని మార్చడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

సమస్య గుర్తించిన రోజునే చేయవలసినది ఏమిటి?

విడదీయడం. కారణం తరువాత వెతకవచ్చు. ముందు ఆ చర్మానికి విశ్రాంతి కావాలి. రెండు పంజరాలను ఒకదానికొకటి కనిపించేలా, పిలుపులు వినిపించేలా, కానీ ఊచల మధ్య నుంచి ముక్కు అందకుండా కనీసం ఒక అడుగు ఎడంగా పెట్టండి. పంజరాలు ఆనుకుని ఉంటే ఊచల లోంచి కూడా తల వంచి పీకించుకుంటాయి. వీలైతే పీకే పక్షినే కొత్త పంజరంలోకి మార్చి, పీకించుకునే దానిని పాత చోటులోనే ఉంచండి. దెబ్బతిన్న పక్షికి చోటు మార్పు అనే అదనపు ఒత్తిడి ఎందుకు?

రెండో పంజరం చేతికి వచ్చేదాకా పక్షిని ఇంటికి తెచ్చినప్పటి చిన్న బోనులో ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. పంజరం మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టడం పనిచేయదు, ఒక పూటలోనే కొరికి పారేస్తాయి.

విడదీస్తే బెంగ పెట్టుకుని చనిపోతాయని అంటారు. నిజమేనా?

ఈ నమ్మకం మన ఇళ్ళలో చాలా బలంగా ఉంది. జంటలో ఒకటి పోతే రెండోది బతకదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాము. జంట పక్షులు దూరమైతే మొదటి మూడు నాలుగు రోజులు పిలుచుకోవడం, తిండి కొంత తగ్గించడం నిజమే. కానీ ఒకదానికొకటి కనిపిస్తూ, వినిపిస్తూ ఉంటే చాలావరకు వారంలోగా కుదుటపడతాయి. ఆ రోజుల్లో వంటగది తక్కెడ మీద ఒక చిన్న డబ్బాలో కూర్చోబెట్టి రోజూ ఉదయం తిండికి ముందు బరువు చూడండి. ఆరోగ్యమైన కాకటీల్ సుమారు 80 నుంచి 110 గ్రాములు, బడ్జీ సుమారు 30 నుంచి 40 గ్రాములు తూగుతాయి. మీ పక్షి మామూలు బరువులో పదో వంతు తగ్గితే అది బెంగ అనుకుని ఊరుకోకుండా వైద్యుడికి చూపించాలి.

కొబ్బరినూనె, పసుపు, వేపనూనె రాయవచ్చా?

ఏదీ రాయవద్దు. ఎంతో ప్రేమతో చేసే ఈ పని ఎక్కువ హాని చేస్తుంది. నూనె తగిలిన ఈకలు ఒకదానికొకటి అంటుకుపోయి, వంటి వేడిని నిలిపే శక్తిని కోల్పోతాయి. పక్షి ఆ నూనెను వదిలించుకోవడానికి తనను తాను మరింతగా గీక్కుంటుంది, రెండోది మరింతగా పీకుతుంది. రాసినదంతా చివరకు ముక్కు ద్వారా కడుపులోకే చేరుతుంది. వేపనూనె ఘాటు ఆ చిన్న ఊపిరితిత్తులకు భారం. మనుషులకు వాడే నొప్పి మందులు, స్టిరాయిడ్ లేపనాలు కూడా అంతే. చేదుగా ఉండే స్ప్రేలు కొట్టడం వల్ల పీకించుకునే పక్షికి మంట తప్ప పీకే పక్షి అలవాటులో మార్పు రాదు.

ఆహారంలో ఏం మార్చాలి?

మన దుకాణాలలో కంగ్నీ అనే పేరుతో అమ్మే కొర్రలు మంచి ధాన్యమే కానీ, ఈక దాదాపు పూర్తిగా మాంసకృత్తితో తయారయ్యేది కాబట్టి కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలతోనే అది సరిగా రాదు. వారానికి రెండుసార్లు బాగా ఉడికించిన కోడిగుడ్డు చిన్న ముక్క, నానబెట్టి మొలకెత్తించిన పెసలు, మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారట్, ఉడికించిన చిలగడదుంప లాంటివి పెట్టండి. మునగాకు దాదాపు ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, విటమిన్ ఏ తయారవడానికి కావలసిన పదార్థం అందులో పుష్కలం. రెమ్మ పళంగా పంజరానికి వేలాడదీస్తే ఆకు తినడంతో పాటు కాడను చీల్చే పని కూడా దొరుకుతుంది. మొలకలను ఉదయం పెట్టి రెండు మూడు గంటలలో తీసేయాలి. మన ఎండలకు అవి త్వరగా పులిసిపోతాయి.

సున్నపు ధాతువు కోసం సముద్రపు నురుగు అని మనం పిలిచే కటిల్ బోన్ ముక్కను ఊచలకు కట్టి ఉంచండి. ఉప్పు, పచ్చి ఉల్లి, చాక్లెట్, కాఫీ, టీ, అవకాడో మాత్రం దగ్గరకు రానీయకూడదు. అవకాడో చిలుకలకు ప్రాణాంతకం.

ఇన్నాళ్ళూ గింజలే తిన్న పక్షి కొత్త ఆహారాన్ని మొదటి వారం ముట్టుకోదు. గింజలు ఆపేసి ఆకలితో మాడ్చి నేర్పించాలని చూడవద్దు. గింజలలోనే కలుపుతూ, ఓపికగా వారాల తరబడి పెట్టాలి.

ముక్కుకు పని కల్పించడం ఎలా? ఖరీదైన బొమ్మలు కొనాలా?

అక్కరలేదు. వేప, జామ, మునగ కొమ్మలను పురుగుమందు కొట్టని చెట్ల నుంచి తెచ్చి, కడిగి, ఎండలో ఆరబెట్టి కర్రలుగా అమర్చండి. బెరడు ఒలవడంతోనే ఒక రోజు గడుస్తుంది. గన్నేరు కొమ్మ విషం, పొరపాటున కూడా వాడవద్దు. మొక్కజొన్న పొత్తి మీది రేకులు, తాటాకు పేలికలు, అచ్చు లేని తెల్ల కాగితం మడతల్లో కొన్ని గింజలు చుట్టి పెడితే విప్పుకుని తినడానికి చాలాసేపు పడుతుంది. గిన్నెలో పెట్టే గింజలలో సగాన్ని ఇలా దాచి పెట్టండి. దారాలు, పీచు వేలాడే తాళ్ళు మాత్రం వద్దు. కాలి వేళ్ళకు చుట్టుకుని రక్తప్రసరణ ఆగిపోతుంది.

ఇవన్నీ పీకే పక్షికే ఎక్కువగా ఇవ్వాలి. చాలామంది జాలితో బట్టతల పక్షి పంజరాన్ని బొమ్మలతో నింపి, పీకే దానిని శిక్షించినట్టు ఖాళీ పంజరంలో పెడతారు. అలవాటు మారవలసింది ఆ రెండో పక్షిలోనే కదా.

స్నానం, నిద్ర, గది వాతావరణం గురించి ఏం గమనించాలి?

ఉదయం పూట వెడల్పాటి పళ్ళెంలో వేలెడు లోతు మామూలు నీరు పెట్టడం గానీ, సన్నని తుంపరగా పైనుంచి పడేలా చల్లడం గానీ వేసవిలో రోజూ, చలికాలంలో వారానికి రెండు మూడు సార్లు చేయండి. ఏసీ గదిలో గాలి పొడిబారి చర్మం దురద పెడుతుంది. దురద పెట్టిన పక్షి మాటిమాటికీ తల దువ్వమని వంచుతుంది, అక్కడి నుంచి పీకుడు మొదలవుతుంది. రాత్రి పది నుంచి పన్నెండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం కావాలి.

దేవుడి గదిలోనో దాని పక్కనో పంజరం పెట్టే ఇళ్ళు మనలో ఎన్నో. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం పొగలు, దోమల బత్తి, రూమ్ ఫ్రెష్‌నర్ ఇవన్నీ చిలుకల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ నిమిషాలలో పక్షి ప్రాణం తీయగలదు. పంజరం వంటగదికీ పూజగదికీ దూరంగా, గాలి వచ్చే చోట ఉండాలి.

గుడ్లు పెట్టే కాలంలోనే పీకడం ఎక్కువవుతోంది. ఏం చేయాలి?

పిల్లలను తీసే ఉద్దేశం మీకు లేకపోతే పంజరంలోని మట్టి కుండను, చెక్క పెట్టెను తీసేయండి. అందులో గుడ్లు ఉంటే అవి పిల్లలవుతాయో లేదో తేలేదాకా ఆగాలి. పగటి వెలుతురును పది గంటలకు తగ్గించి, గుడ్డు, మొలకల లాంటి బలమైన మెత్తని ఆహారాన్ని కొన్నాళ్ళు తగ్గించండి. ఎక్కువ వెలుతురు, బలమైన ఆహారం రెండూ పక్షి శరీరానికి ఇది పిల్లలను తీసే కాలమని సూచించేవి. మీరు పక్షిని ముద్దు చేసేటప్పుడు తల మాత్రమే నిమరండి, వీపు, రెక్కల కింద నిమరడం కూడా ఆ ఉద్రేకాన్ని పెంచుతుంది.

తల్లి పక్షి గూటిలోని పిల్లల ఈకలు పీకేస్తోంది. పిల్లలు బతుకుతాయా?

బడ్జీలలో, లవ్‌బర్డ్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. పిల్లలకు ఈకలు వస్తున్న మూడు నాలుగు వారాల వయసులో తల్లి తరువాతి గుడ్లకు సిద్ధపడుతూ, గూడు ఖాళీ చేయించడానికి అన్నట్టు వీపు, మెడ ఈకలు లాగుతుంది. ముందుగా పీకుతున్నది తల్లో తండ్రో వీడియోలో చూసి నిర్ధారించుకోండి. తల్లే అయితే, పిల్లలు ఈకలు తొడుగుతున్న వయసుకు వచ్చి ఉంటే, తల్లిని వేరే పంజరంలోకి మార్చవచ్చు. బడ్జీలలో తండ్రి ఒక్కడే పిల్లలను మేపి పెద్దచేయగలడు. తల్లిని మార్చిన మొదటి రెండు రోజులు తండ్రి నిజంగా మేపుతున్నాడో లేదో పిల్లల మెడ కింది తిండి సంచి నిండుగా ఉందో లేదో చూసి తెలుసుకోవాలి. బడ్జీ పిల్లలు సుమారు ఐదు వారాలకు గూడు వదులుతాయి.

రక్తం కారేలా పీకుతుంటే మాత్రం వయసు చూడకుండా అదే గంటలో విడదీయాలి. మరీ చిన్న పిల్లలైతే చేతితో మేపడం తెలిసినవారి సాయం తప్పనిసరి. ఇలా పీకించుకున్న పిల్లలకు, కుదుళ్ళు దెబ్బతినకపోతే, ఈకలు మళ్ళీ వస్తాయి. అలా పీకిన తల్లి తరువాతి ఈతలోనూ అదే పని చేసే అవకాశం ఎక్కువ కనుక దానిని మళ్ళీ జతకట్టించకపోవడమే మేలు.

ఈక లాగిన చోట రక్తం వస్తోంది. ఇంట్లో ఏం చేయగలను?

పెరుగుతున్న ఈక కాడలో రక్తం ఉంటుంది. అది విరిగితే ఆ చిన్న శరీరానికి ప్రమాదమైనంత రక్తం పోవచ్చు. పక్షిని మెత్తని బట్టలో వదులుగా చుట్టి, ఛాతీ నొక్కకుండా పట్టుకోండి. పక్షి ఛాతీ కదలికతోనే ఊపిరి పీలుస్తుంది. రక్తం వచ్చే చోట కొద్దిగా మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన దూదితో రెండు మూడు నిమిషాలు మెల్లగా అదిమి ఉంచండి. ఆగిపోతే చీకటిగా, వెచ్చగా ఉన్న చోట విడిగా ఉంచండి. ఆగకపోయినా, ఆగి మళ్ళీ మొదలైనా వెంటనే వైద్యుడి దగ్గరకు బయలుదేరాలి. విరిగిన కాడను మీరే లాగి తీయడానికి ప్రయత్నించవద్దు.

వైద్యుడిని ఎప్పుడు సంప్రదించాలి? ఎక్కడ?

చర్మం ఎర్రబడినా, పుండు పడినా, చీము కనిపించినా, ఒకే పక్షికి తల మీదా ఒంటి మీదా ఈకలు పోతున్నా, కొత్తగా వచ్చే ఈకలు వంకరగా, నొక్కుకుపోయి ఉన్నా, విడదీసి రెండు నెలలైనా కొత్త ఈకలు మొలవడం కనిపించకపోయినా చూపించాలి. ముక్కు-ఈకల వ్యాధి అనే వైరస్ జబ్బు, బడ్జీ పిల్లలలో రెక్క, తోక ఈకలు రాలిపోయే ఫ్రెంచ్ మోల్ట్, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు మొదలైన వాటిని పైచూపుతో తేల్చలేము. రక్తం లేదా ఈక మొదలు నమూనాతో పీసీఆర్ పరీక్ష, రెట్ట పరీక్ష అవసరమవుతాయి. ఇవి అంటువ్యాధులు కావచ్చు గనుక ఫలితం వచ్చేదాకా రెండు పంజరాల గిన్నెలను కలపవద్దు.

ఊరి పశువైద్యశాలలలో ఎక్కువగా పశువులకు, కోళ్ళకు చికిత్స జరుగుతుంది. పెంపుడు చిలుకల విషయంలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని, తిరుపతిలోని, గన్నవరంలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు ముందుగా ఫోన్ చేసి, పక్షులను చూసే వైద్యుడు ఏ రోజు ఉంటాడో కనుక్కుని వెళ్ళడం మంచిది. వెళ్ళేటప్పుడు మీరు తీసిన వీడియో, రాలిన ఈకలు కొన్ని ఒక కాగితపు కవరులో, రోజువారీ బరువుల లెక్క తీసుకువెళ్ళండి. వైద్యుడు అడగవలసిన పది ప్రశ్నలు తగ్గుతాయి.

మూడో పక్షిని తెచ్చి పెడితే పీకే పక్షి దృష్టి మళ్ళుతుందా?

మళ్ళదు, సమస్య పెరుగుతుంది. పైగా చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ లాంటి సంతలలో ఎన్నో చోట్ల నుంచి వచ్చిన పక్షులు కలిసి ఉంటాయి కాబట్టి, ఎక్కడ కొన్నా కొత్త పక్షిని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచకుండా కలపకూడదు. బడ్జీతో పాటు ఆఫ్రికన్ లవ్‌బర్డ్‌ను ఒకే పంజరంలో ఉంచడం అసలే వద్దు. లవ్‌బర్డ్ బడ్జీ కాలి వేళ్ళు కొరికేయగలదు.

తిరిగి కలపడం ఎప్పుడు, ఎలా?

ఈకలు పూర్తిగా వచ్చి, పైన చెప్పిన మార్పులన్నీ కనీసం రెండు నెలలు అలవాటయ్యాక. మొదట రెండింటికీ సొంతం కాని చోట, అంటే ఫ్యాను ఆపి తలుపులు మూసిన గదిలో, బల్ల మీద పెట్టిన ఒక కొమ్మ మీద, మీ ఎదుటే పదిహేను నిమిషాలు వదలండి. తినడానికి, కొరకడానికి రెండు వైపులా ఏదో ఒకటి ఉండాలి. పాత చోటును పట్టుకుని లాగడం మొదలైతే అరవకుండా, కొట్టకుండా, మధ్యలో చెయ్యి పెట్టి మెల్లగా విడదీసి ఆ రోజుకు ఆపేయండి. వారం పాటు ఏ ఇబ్బందీ లేకపోతే సమయాన్ని గంటకు, తరువాత పూటకు పెంచవచ్చు. రాత్రి నిద్ర మాత్రం చాలాకాలం వేరు పంజరాలలోనే ఉండనివ్వండి, ఎందుకంటే తెల్లవారుజామున మనం లేవకముందే పీకడం ఎక్కువ జరుగుతుంది.

మూడుసార్లు ప్రయత్నించినా అదే జరిగితే ఇక కలపవద్దు. పక్కపక్క పంజరాలలో ఉంటూ, రోజూ సాయంత్రం ఒక గంట మన ముందు కలిసి తిరిగే జంటలు ఏళ్ళ తరబడి హాయిగా ఉంటాయి. మా కాకటీల్‌లు నాలుగేళ్ళుగా అలాగే ఉన్నాయి. ఉదయం ఒకదాని ఈలకు మరొకటి బదులు చెప్పుకోవడం ఏనాడూ ఆగలేదు.

ఈకలు ఎన్నాళ్ళకు వస్తాయి? రాకపోతే?

మొదలంటా ఊడివచ్చిన ఈక స్థానంలో సాధారణంగా నెల నుంచి రెండు నెలల లోపు కొత్తది వస్తుంది. మధ్యలో విరిగిన ఈక మాత్రం ఆ మొండి కాడ ఊడిపోయేదాకా, అంటే తరువాత ఈకలు రాల్చే కాలం దాకా, అలాగే ఉంటుంది. కొత్త ఈకల ముళ్ళు వచ్చిన మొదటి వారాలలో ఆ చోటు తాకితే నొప్పి. పక్షి తానుగా తల వంచి అడిగితే తప్ప వేలితో నిమరవద్దు.

రెండుసార్లు ఈకలు రాల్చే కాలం గడిచినా చర్మం నునుపుగానే ఉండిపోతే అక్కడి కుదుళ్ళు శాశ్వతంగా దెబ్బతిన్నట్టే. ఆ పక్షి ఆయుష్షుకు దీనివల్ల లోటేమీ రాదు. కాకపోతే డిసెంబరు, జనవరి రాత్రులలో పంజరాన్ని కిటికీకి దూరంగా జరిపి, గాలి ఆడేలా ఒక వైపు తెరిచి ఉంచి మిగతా మూడు వైపులా దళసరి బట్ట కప్పండి. మండు వేసవిలో బోసి చర్మం మీద నేరుగా ఎండ పడకుండా చూడండి.